దిగుమతులవలన పనులు పోయినవారికి ప్రభుత్వ సహాయము
(మన సంఘ వార్షిక సభయందు చేయబడిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో మన పిల్లల తెలుగు తరగతులనుగూర్చి మాటాడుదుమని మేము మొదట కార్యవర్గమువారికి తెలిపియుంటిమి. ఇంతలో గడచిన కార్యవర్గ సమావేశమునకు పట్టు దిగుమతి సుంకమునుగూర్చి యొక తీర్మానము వచ్చినది. దానిపై మనవారే రెండు పక్షములై గంటకు పైగా వాదించుకొని, తుదకు తీర్మానమును బల్లమీదనే విడిచి ఎవరి ఇండ్లకు వారు వెడలిపోయిరి. మరునాడు సంతలో ఎదురుపడి పలుకరించుకొనని వారును కలరని విని చాల నొచ్చుకొంటిమి. అందుచే తెలుగు తరగతుల సంగతి మరియొకనాటికి వాయిదా వేసి, ఆ తీర్మానమునుగూర్చియే నాలుగు మాటలు మనవి చేయనెంచితిమి.

వాదము మీరెరిగినదే. శిడ్లఘట్ట, చింతామణి వైపున మల్బరీ సాగుచేసి పురుగులను పెంచెడు మన రైతులును, గూళ్ళనుండి దారము తీసెడు మనవారును చైనా పట్టుపై సుంకము హెచ్చింపవలెననిరి. బెంగుళూరిలో మగ్గములు నడపెడు మనవారు, సుంకము హెచ్చినచో ముడిపట్టు ధర హెచ్చును, చీర ధర హెచ్చును, కొనువాడు కృత్రిమ పట్టువైపు పోవును, మగ్గము నిలిచిపోవుననిరి. ఇరువురును తమ ఇంటి వెతనే చెప్పిరి. ఇరువురిలో ఎవరును అబద్ధమాడలేదు. అయితే ఆనాటి సమావేశమునకు రానివారు మరియొకరు కలరు. వారు దారము తీసెడు చోట, మరుగు నీటి తొట్ల యొద్ద నిలువబడి దినకూలికి పనిచేయు స్త్రీలు. వారి మాట ఆనాడు ఏ పక్షమువారి నోటను రాలేదు.

ఈ పనిలో దెబ్బ ఏ విధముగా తగులునో పట్టణమునందున్న మన సోదరులకు కొంచెము విశదపరచుట మంచిది. గూడు చంద్రికపైనుండి దిగిన పిమ్మట రైతు దానిని ఇంటిలో దాచుకొనజాలడు. కొన్నాళ్ళు ఉంచినచో లోపలి పురుగు రెక్కలు దాల్చి గూటిని చీల్చుకొని వెలికి వచ్చును; ఇక దారము తెగిపోవును. కావున ఆనాటి ధర ఎంతయైన ఆనాడే అమ్మవలసినదే. దారము తీయువాడును వడ్డీకి తెచ్చిన పైకముతో గూళ్ళు కొని, తీసిన పట్టును వెంటనే అమ్మి, మరల కొనువాడే. చౌక పట్టు ఓడలో దిగినదన్న వార్త రాగానే, సరకు ఇంకను రాకమునుపే, వర్తకుడు తన బేరము తగ్గించును. ధర దిగిన మూడవనాడు పొయ్యి ఆరును. పొయ్యి ఆరిన దినముననే ఆ స్త్రీలకు పనిలేదు. నోటీసు లేదు, పరిహారము లేదు. నిన్నటివరకు అచ్చట పనిచేసితిననుటకు వారి యొద్ద చీటీయైనను లేదు. వేడినీటిలో నాని తెల్లబారి చిట్లిన వ్రేళ్ళే వారికున్న సాక్ష్యము.

ఇది క్రొత్తగా వచ్చిన ఆపద కాదు. 1930 తరువాతి ఆర్థిక మాంద్యమున చైనా, జపాను పట్టు చౌకగా వచ్చిపడి మైసూరు సీమలో మల్బరీ తోటలు తగ్గిపోయినవి. అప్పుడు సుంకముల మండలివారు విచారణ జరిపి సిఫారసు చేయగా 1934లో రక్షణ సుంకము విధింపబడెను. స్వాతంత్ర్యానంతరము చాలకాలము దిగుమతులపై పరిమితులుండుటచే పరిశ్రమ పెరిగినది. పిదప ద్వారములు తెరచిరి. చైనా పట్టు అన్యాయపు ధరకు వచ్చుచున్నదని 2003లో దానిపై ప్రత్యేక సుంకము వేసిరి. 2011 బడ్జెటులో నేతగాండ్ర మొర ఆలకించి ముడిపట్టుపై సుంకమును నూటికి 30 నుండి 5కు దించిరి. గూళ్ళ ధరలు పడిపోయినవి, రైతులు వీథికెక్కిరి. 2013లో 5ను 15 చేసిరి. ఒకసారి ఈ చెంపను, మరియొకసారి ఆ చెంపను కొట్టినట్లే గాని, తగిలిన దెబ్బకు మందు వేసినవారు లేరు. సుంకమును తూచెడు తరాజు ఒకటున్నది. పనిపోయిన మనిషిని తూచెడు తరాజు లేదు. మేము చెప్పదలచినది ఈ రెండవ తరాజునుగూర్చియే.

ఇతర దేశములవారు దీనినిగూర్చి ఆలోచించిరి. మొదట ఇంగ్లండు మాట చెప్పుదుము. అందు మనకు కొంత పాత లెక్కయును కలదు. మన తాత ముత్తాతల కాలమున లాంకషైరు మరబట్ట వచ్చి తెలుగునాటి చేనేతను ఎట్లు కూలద్రోసినదో మన ఇండ్లలో కథలుగా వినియున్నాము. షోలాపురమునకు, బొంబాయికి, ఇంకను దూరదేశములకు మన నేతపనివారు తరలిపోవుటకు కరవులతోపాటు అదియును ఒక కారణము. వారికి ఆనాటి ప్రభుత్వము ఒక దమ్మిడీ ఇచ్చిన జాడ లేదు. కాలచక్రము తిరిగి 1958 నాటికి ఆ ఇంగ్లండే తాను అమ్మిన నూలుబట్టకంటె కొన్న బట్ట ఎక్కువ చేసుకొనినది. భారతదేశమునుండియు, హాంగుకాంగునుండియు, పాకిస్థానమునుండియు బట్ట వచ్చి లాంకషైరు మిల్లులు మూతబడసాగెను. వెంటనే 1959లో పార్లమెంటువారు నూలు పరిశ్రమ చట్టము చేసిరి. పాత యంత్రములను తుక్కుగా విరుగగొట్టిన యజమానులకు ఇచ్చు పరిహారములో మూడింట రెండు వంతులు ఖజానా భరించినది. క్రొత్త యంత్రముల ఖర్చులో నాలుగవ వంతును ఇచ్చినది. కోటికి పైగా కదుళ్ళు, సుమారు లక్ష మగ్గములు ఆ విధముగా తొలగిపోయినవి. కార్మికుని పరిహారము మాత్రము ఖజానానుండి కాక పరిశ్రమవారే తమలో వేసుకొన్న పన్నునుండి ఇచ్చుకొనవలసివచ్చెను. ఇనుమునకు సర్కారు సొమ్ము, మనిషికి సంఘపు చందా! అయినను ఏదో యొకటి ఇచ్చిరి. ఇది చెప్పుట ఈర్ష్యతో కాదు. రాజ్యము తలచుకొనినచో మార్గము దొరకునని చూపుటకే.

ఈ విషయమున అందరికంటె ఎక్కువ కాలము ప్రయోగము చేసినది అమెరికా దేశము. అచ్చట 1953లో విదేశ వ్యాపార విధానమును విచారించుటకు రాండలు అధ్యక్షతన ఒక కమీషను ఏర్పడెను. ఉక్కు కార్మిక సంఘాధ్యక్షుడైన డేవిడ్ మెక్‌డొనాల్డు అందొక సభ్యుడు. సుంకములు తగ్గించుట దేశమంతటికి మేలైనచో ఆ మేలు పొందిన దేశమే నష్టపడిన కార్మికునికి పూచీ వహింపవలెనని ఆయన వాదించెను. కమీషనులోని అధిక సంఖ్యాకులు ఒప్పుకొనలేదు. అయినను ఆ విత్తనము నశింపలేదు. అప్పటికి సెనేటరుగా నున్న కెనెడీ ఆ భావమును పట్టుకొని, తాను అధ్యక్షుడైన పిమ్మట 1962 వ్యాపార విస్తరణ చట్టములో దానిని చేర్చెను. దిగుమతులవలన పనిపోయినవానికి అదివరకటి కూలిలో నూటికి 65 వంతులవరకు 52 వారములు భృతి, క్రొత్తపని నేర్చుటకు శిక్షణ, వేరొక ఊరికి తరలిపోవుటకు ఖర్చు — ఇదీ చట్టము.

కాగితముమీద ఎంత చక్కగా నున్నదో చూచితిరి గదా! కాని 1962 నుండి 1969 వరకు ఏడు సంవత్సరములలో ఒక్క కార్మికుడైనను ఒక్క డాలరైనను పొందలేదు. కారణమేమనగా, దిగుమతులు పెరిగినవని చూపినచో చాలదు. అవి ప్రభుత్వము సుంకము తగ్గించుటవలననే ముఖ్యముగా పెరిగినవని చూపవలెను. తన పని పోవుటకు ఆ దిగుమతులే ముఖ్యకారణమనియు చూపవలెను. సుంకముల కమీషను యెదుట ఇంతటి నిరూపణము చేయుట కూలివానికి ఎట్లు సాధ్యము? మొదటి అర్జీ 1969 చివరలో గాని మంజూరు కాలేదు. కార్మిక సంఘములవారు దానిని శవసంస్కారపు భీమా అని ఎత్తిపొడిచిరి. సహాయమునకంటె దానిని పొందు నిబంధనయే ముఖ్యమని మేము గ్రహించినది ఇచ్చటనే. మన అర్జీ వ్రాయునప్పుడు ఈ ఏడేండ్లను మరువరాదు.

1974 చట్టముతో ఆ నిబంధనను సడలించిరి. దిగుమతులు ముఖ్యకారణము కానక్కరలేదు, గణనీయమైన కారణమైన చాలుననిరి. ముగ్గురు కార్మికులు చేరి సంతకము చేసిన అర్జీ చాలెడిది. అటుపిమ్మట నిరూపణ భారము కూలివానిది కాదు. కార్మికశాఖవారే ఫ్యాక్టరీ లెక్కలు తెప్పించి, ఆ సరకు కొనెడు ఖాతాదారులను, మీరు ఈమధ్య విదేశపు సరకు కొనుచున్నారా యని అడిగి తేల్చుకొనెడివారు. అరువది దినములలో తీర్పు చెప్పవలసియుండెను. ఈ మార్పుతో ద్వారములు నిజముగా తెరచుకొన్నవి. 1980లో మోటారుకార్ల పరిశ్రమ దెబ్బతిన్నప్పుడు ఐదు లక్షలకు మించినవారు భృతి పొందిరి. ఖర్చు ఆ యొక్క సంవత్సరముననే నూరు కోట్ల డాలర్లు దాటినది. పొందినవారిలో పెక్కురు తాత్కాలికముగా పని ఆగినవారు. భృతి చేతికందునప్పటికే మరల అదే ఫ్యాక్టరీలో చేరియుండిరి. శిక్షణకు వెళ్ళినవారు స్వల్పము. దానితో విమర్శ చెలరేగి 1981లో రీగను ప్రభుత్వము భృతిని కత్తిరించినది. అటు తరువాతి మార్పులన్నిటిని చెప్పిన మీరు నిద్రపోదురు. ఒక్కటి మాత్రము చెప్పి విడుతుము. 2002లో ఏబదియేండ్లు పైబడిన కార్మికులకై కూలి భీమా యనునది ఏర్పరచిరి. వారమునకు 600 డాలర్లు తెచ్చుకొనువాడు పనిపోయి 400 డాలర్ల పనిలో చేరినచో, తగ్గిన 200లో సగము ప్రభుత్వము రెండేండ్లవరకు, పదివేల డాలర్లకు మించకుండ ఇచ్చుట. ఏబదియేండ్లవానిని బడికి పంపుటకంటె దొరికిన పనిలో నిలబెట్టుట మేలను ఆలోచన మాకు మిక్కిలి నచ్చినది. నలుబదియేండ్లు తొట్టియొద్ద నిలిచిన స్త్రీకి కుట్టుమిషను శిక్షణ ఇప్పించి ఫొటో తీయించుకొనెడు మన పథకములు కొన్ని చూచినవారు దీనిని సులభముగా గ్రహింతురు.

ఇంతచేసియు ఫలితమేమి? ఈ విషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. అమెరికా కార్మికశాఖ చేయించి 2012లో వెలువరించిన పరిశీలనలో, సహాయము పొందినవారు నాలుగేండ్ల వరకు సంపాదనలో ఇతరులకు వెనుకబడిరని తేలెను. బెంజమిన్ హైమన్ అను అర్థశాస్త్రజ్ఞుడు వేరొక మార్గమున చూచెను. అర్జీని విచారించు ఉద్యోగి ఉదారుడో కఠినుడో అనునది కార్మికుని అదృష్టము గనుక, ఉదారుని చేతబడినవారిని కఠినుని చేతబడినవారితో పోల్చి, సహాయము దొరికినవారు పదియేండ్లలో సుమారు ఏబదివేల డాలర్లు అధికముగా సంపాదించిరని లెక్కవేసెను. మరియొక ప్రసిద్ధ పరిశోధన 2013లో ఆటరు, డార్ను, హాన్సను అనువారు చేసినది. చైనా దిగుమతులు ఎక్కువగా తాకిన ప్రాంతములలో ఈ ప్రత్యేక సహాయముకంటె వికలాంగుల పింఛనుక్రింద వెళ్ళిన సొమ్ము అనేక రెట్లు అధికమని వారు చూపిరి. అనగా పనిపోయినవారిలో చాలమంది ఈ చట్టపు గడపకైనను చేరలేదన్నమాట. తుదకు 2022 జులై 1వ తేదీన చట్టపు గడువు తీరి క్రొత్త అర్జీల పరిశీలన నిలిచిపోయినది. అరువదియేండ్లు నడచిన ఏర్పాటు గడువు పొడిగింపు లేక ఆగినది! యూరపువారికిని 2007 నుండి ఇట్టి నిధియొకటి కలదు. మొదట వేయిమంది ఒక్కచోట పని కోల్పోయిననే గాని అది కదలెడిది కాదు, ఇప్పుడు రెండువందలకు దించిరి. పదిమంది పనిచేయు మన పొయ్యిలకు ఆ కొలబద్ద ఏ విధముగను సరిపడదు.

ఇక మన దేశపు సంగతి. మన దేశమున ఏమియు లేదనుట న్యాయము కాదు. మూతపడిన బట్టల మిల్లుల కార్మికులకై 1986లో పునరావాస నిధి నొకదానిని ఏర్పరచి, కూలిలో మొదటి సంవత్సరము నూటికి 75, రెండవ యేట 50, మూడవ యేట 25 వంతులు ఇచ్చిరి. 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి యని గంభీరమైన పేరుతో మరియొకటి వచ్చెను. అందలి సొమ్ములో అధికభాగము ప్రభుత్వరంగ సంస్థలలో స్వచ్ఛంద విరమణకే వ్యయమయ్యెను. ఆ నిధి 2000లో ముగిసినది. కార్మిక రాజ్యభీమావారు 2005లో రాజీవ్ గాంధీ పేరిటను, 2018లో అటల్ పేరిటను నిరుద్యోగ భృతి పథకములు పెట్టిరి. పనినుండి తొలగింపబడినవానికి నిండిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల వేతనము ఇవ్వవలెననుట 1947 చట్టమునుండి వచ్చుచున్న నియమము. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి దానికితోడు యజమాని మరి పదునైదు దినముల వేతనమును పునశ్శిక్షణ నిధికి చెల్లింపవలెనని, అది నలుబదియైదు దినములలో కార్మికుని ఖాతాలో పడవలెనని విధించుచున్నది. మంచిదే. కాని రాజ్యభీమా సాధారణముగా పదిమందియైనను పనిచేయుచోటనే వర్తించును. మన దారము తీయుచోట్లలో పెక్కింట అంతమంది ఉండరు; ఉన్నను పుస్తకములో పేర్లుండవు. అమెరికాలో కార్మికుడు దిగుమతివలననే పని పోయినదని నిరూపింపలేక చెడెను. మన స్త్రీ అసలు తనకొక పని ఉండెనని నిరూపింపలేక చెడుచున్నది. ఈ రెండింటికిని ఎంత అంతరము!

కావున మా సూచన వినుడు. కర్ణాటకమున పట్టుగూళ్ళ, పట్టుదారముల క్రయవిక్రయములను నియంత్రించు చట్టము 1959నాటినుండియు కలదు. లాంకషైరు చట్టము వచ్చినదియు ఆ యేడే యగుట కాకతాళీయము. ఈ చట్టము ప్రకారము దారము తీయువాడు లైసెన్సు పొందవలెను, ప్రభుత్వ గూళ్ళ సంతలోనే కొనవలెను. ఎవడు ఏనాడు ఎన్ని కిలోలు కొనెనో సంత లెక్కలలో ఉండును. ఆ లైసెన్సుకు వెనుక ఆ పొయ్యియొద్ద పనిచేయువారి పేర్లను కూడ చేర్చవలెనని మనము కోరుదుము. అప్పుడు దిగుమతి పెరిగిన కాలమున ఒక లైసెన్సుదారుని కొనుగోలు ఇంత వంతు పడిపోయినచో, వాని పొయ్యియొద్ద పనివారికి దెబ్బ తగిలినట్లు ప్రభుత్వ లెక్కయే చెప్పును. కూలిస్త్రీ కచేరీకి పోయి దిగుమతుల గణాంకములు చదువనక్కరలేదు. ఇక సొమ్ము ఎక్కడిదందురా? ముడిపట్టుపై వచ్చెడు సుంకములోనే కొంతభాగము కేటాయింపుమందుము. దిగుమతి పెరిగినచో సుంకపు రాబడియు పెరుగును. దెబ్బ తగిలిన యేడే నిధియు నిండును. భృతితోపాటు, వేరొక చిన్నపనిలో చేరిన పెద్దవయస్సు స్త్రీకి తగ్గిన కూలిలో సగము భరించు ఏర్పాటును అడుగుదుము.

ఇందువలన సుంకపు తగవు తీరునా యని ఆక్షేపింపవచ్చును. తీరదు. సుంకము ఎంత ఉండవలెనో మనలో మనము పోరాడుకొనుచునే ఉందుము. రైతు ఒకటి కోరును, నేతగాడు ఒకటి కోరును. నిజమునకు మేమును ఈ సంగతిలో తటస్థులము కాము. సుంకమును దింపరాదనియే మా అభిప్రాయము. కాని సుంకము ఎటు తిరిగినను క్రిందబడెడువారికి పరుపు వేయుటలో ఇరుపక్షములవారును కలియవచ్చునుగదా! గడచిన సమావేశమున బిగ్గరగా వాదించిన నేతసోదరుడొకరు నిన్న మాయింటికి వచ్చి, రేపు సుంకము దిగి దిగుమతి చీరలు వచ్చినచో మాకును ఈ పరుపు కావలెననిరి. వారి మాట మాకు బలమిచ్చినది.

తుదకు మన సంఘమునకు ప్రత్యేకముగా సంబంధించిన మాట యొకటి. అసంఘటిత కార్మికులకై కేంద్రమువారు 2021 ఆగస్టులో తెరచిన ఇ-శ్రమ్ పట్టికలో పేరు చేర్చుకొనిన కార్డైనను ఉన్నచో కార్మికుడనుటకు కొంత ఆధారము. మన వీథులలో ఈ కార్డులేని పొయ్యి పనివారు ఇంకను ఎందరో కలరు. పెద్దవారికి ఇంటిలో తెలుగు, సంతలో కన్నడము మాటాడ వచ్చును గాని ఏ లిపియు చదువరాదు. ఫారము నింపుటకు దళారికి పైకమిచ్చుచున్నారు. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము ఎవడైనను తన కష్టమును కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను విన్నవించుకొనవచ్చును. కావున మన విజ్ఞప్తి తెలుగులో ఇచ్చుటకు మనకు హక్కు కలదు. అయినను దానిని చదువవలసిన గుమాస్తాయును మనిషే. హక్కుయొక్క గౌరవమునకు తెలుగు ప్రతిని, పని జరుగుటకు కన్నడ ప్రతిని రెండును జతపరచి ఇత్తమని మా మనవి. ఇచ్చటి కన్నడ సోదరులలో ఇదే పొయ్యియొద్ద పనిచేయువారు మనవారికంటె ఎందరో అధికముగా నున్నారు. వారి సంతకములును చేర్చనిచో మన అర్జీ అరకొరది యగును.

సవరించిన తీర్మానపు ముసాయిదా కార్యదర్శిగారి యొద్దనున్నది. భోజనానంతరము దానిని చదివి వినిపింతురు. మన యువకులు నలుగురు వచ్చు ఆదివారమునుండి శిడ్లఘట్టలోని పొయ్యిల యొద్దకు పోయి, పనిచేయువారి పేర్లు, వయస్సు, ఎన్ని సంవత్సరములనుండి పనిచేయుచున్నది వ్రాసికొనుటకు ఒప్పుకొనిరి. కన్నడము చక్కగా వ్రాయగల మరి ఇద్దరు కావలెను. స్త్రీలతో మాటాడుటకు మన మహిళా విభాగమునుండి ఎవరైనను తోడు పోయినచో పని త్వరగా జరుగును. ఇష్టమున్నవారు సభ ముగిసినంతనే మమ్ము కలిసికొనుడు, నోటుపుస్తకము తెచ్చియున్నాము.